ఆషాఢ పౌర్ణమినాటి ఎర్ర చార

వంతెనల కొలతలు తీస్తూ ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఒక్క రీడింగును నమ్మను, రెండింటిని అనుమానిస్తాను, మూడూ కలిస్తేనే సంతకం పెడతాను. ఈ అలవాటు వల్ల నాకు మిత్రులు తక్కువ. నేను సంతకం పెట్టిన వంతెన మాత్రం ఏదీ ఇంతవరకు కుంగలేదు.

మొన్న జూలైలో అమెరికాలో మేముండే హెర్న్‌డన్ నుంచి నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి సముద్రం ఒడ్డున ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. తక్కినవాళ్లకు అది సెలవు, నా భార్యకు మొక్కు. ఆషాఢ, కార్తిక, మాఘ, వైశాఖ పౌర్ణములకు సముద్రస్నానం చేయాలని, 'ఆకామావై' అంటూ మా అత్తగారు వేళ్లమీద లెక్కపెట్టేవారు. వీటిలో రెండు ఈ దేశపు చలిలో కుదిరేవి కావు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయిన తరువాత, చేతికర్ర లేకుండా నడిచి సముద్రంలో దిగుతానని ఆమె ఆషాఢానికి మొక్కుకుంది. ఇక్కడి కాలమానానికి మార్చి చూస్తే, పౌర్ణమి గురువారం ఉదయం 11:10తో వెళ్లిపోతుంది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ అందరి ఫోన్లకూ ఒక ఫోటో వచ్చింది. తీరానికి దగ్గరగా పొడవాటి ఓడ, వెనక గోధుమరంగు నీళ్లు. యాత్ర ఏర్పాటు చేసిన కుర్ర ఇంజనీరు పంపాడు: 'గైస్, అది సీవేజ్ షిప్ అంట. ఎవరూ వాటర్‌లోకి దిగొద్దు.'

"ఎవరు చెప్పారు బాబూ?" అని అడిగాను.

"ఫార్వర్డ్ అంకుల్. ఇంకో గ్రూప్‌లో వచ్చింది."

"ఆ గ్రూపులో ఎవరు పెట్టారు?"

"అదీ ఫార్వర్డే. బ్రౌన్ వాటర్ కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి?"

అతని భార్య నా భార్య వైపు తిరిగింది. "ఆంటీ, మోకాళ్లకి ఇన్ఫెక్షన్ వస్తే కష్టం. బకెట్ నీళ్లలో ఇంత ఉప్పేసుకుని స్నానం చేసేయండి. దేవుడు అడ్జస్ట్ అవుతాడు."

దేవుడు అవుతాడేమో. నేను కాలేకపోయాను. బైనాక్యులర్స్, నోట్‌బుక్ పట్టుకుని వరండాలో కూర్చున్నాను.

ఓడ అడుగుభాగానికి ఎర్ర రంగు వేస్తారు. ఖాళీ ఓడ పైకి తేలితే ఆ రంగు చారలా కనిపిస్తుంది. బరువెక్కితే నీటిలో మునిగిపోతుంది. 3:20కి ఓడ ఒడ్డువైపు వచ్చింది, చార లేదు. 5:05కి తిరిగి వెళ్లింది, నిలువెత్తు చార ఉంది. మురుగును సముద్రంలో పారబోసే ఓడ నిండుగా వెళ్లి ఖాళీగా రావాలి. ఇది అందుకు తలకిందులు! సముద్రంలోంచి ఏదో తెచ్చి ఒడ్డున దించుతోంది. గురువారం తెల్లవారి 5:35కి వచ్చింది, 7:20కి వెళ్లింది. చార మళ్లీ అలాగే.

ఉప్మా తింటున్నవాళ్ల ముందు నోట్‌బుక్ పెట్టాను.

"సూపర్ అంకుల్," అన్నాడు ఇంజనీరు. "కానీ గ్రూప్‌లో ఎవ్వరూ కన్‌ఫర్మ్ చెయ్యలేదు."

"రెడ్ లైన్ జూసి వాటర్ క్వాలిటీ చెప్తరా అంకుల్?" అని అతని మిత్రుడు నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. కళ్లతో చూసి, గడియారంతో సరిచూసి రాసినది ముసలివాడి చాదస్తమట. ముక్కూ మొహం తెలియనివాడు పంపినది సమాచారమట! చదువుకున్నవాళ్లు, రోజంతా లెక్కలతోనే బతికేవాళ్లు.

"మూడో రీడింగు రానివ్వండి, చెప్తాను," అన్నాను.

10:20కి ఓడ వచ్చింది. చార లేదు. అప్పటికి నా భార్య పసుపు అద్దిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీ మూడోది ఎప్పుడు తేలుతుంది?"

"అది వెళ్లాక. ప్రతిసారీ గంటా ముప్పావు ఆగుతోంది. అంటే 12:05కి."

"పౌర్ణమి ఎంతవరకు?"

"11:10."

"మీ ఓడ కోసం చంద్రుడు ఆగుతాడా? వాళ్లకి గ్రూప్ చెప్పాలి, మీకు మూడోది చెప్పాలి. నాకు మీరు రాసిన రెండూ చాలు."

చేతికర్ర నా చేతిలో పెట్టి ఇసుకలోకి నడిచింది. నేను ఒక అడుగు వెనక. నీటి అంచుకు చేరాక, ఇంటి వరండాకు కనబడని వంపు అవతల, ఒక లావు గొట్టంలోంచి నీళ్లతో కలిసి నల్లటి ఇసుక ఎగజిమ్ముతూ కనిపించింది. బుల్‌డోజర్ దాన్ని పరుస్తోంది. ఓడ సముద్రం అడుగునుంచి తెచ్చిన ఇసుకను కోసుకుపోయిన తీరానికి పోస్తున్నారు. నీటి అంచుదాకా నడిచి చూడాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. రెండు పూటలు వరండాలో కూర్చున్న నాకూ తోచలేదు. ఆ కోపం ఇప్పటికీ నామీద ఉంది.

10:41కి ఆమె నీళ్లలో దిగింది. మూడు మునకలు. నేనే లెక్కపెట్టాను.

మేము తిరిగి వచ్చేసరికి గ్రూపులో ఇంజనీరు సందేశం: 'గైస్, అది సాండ్ షిప్. చెక్ చేశాను. సేఫ్.' కింద వరసగా చప్పట్ల బొమ్మలు. చెక్ చేశాడట!

12:05కి నేను ఆమె తడిచీర పిండుతున్నాను. ఓడ ఎప్పుడు వెళ్లిందో చూడలేదు. నోట్‌బుక్‌లో మూడో వరస సగం ఖాళీగానే ఉంది. దాని కింద సంతకం పెట్టాను.