చిన్నమ్మ బొటనవేలు

పోయిన వారం వనపర్తిలో ఒక సభకు పోయి కూర్చున్నాను. వక్త పెద్ద చదువులు చదివినవాడు. "యంత్రం ఒట్టి పనిముట్టు. మనిషిలోని 'నేను'ను అది తాకలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా బడి ఏడో తరగతితోనే ఆగిపోయింది గానీ, ఆ 'నేను' గురించి గ్రంథాలయంలో దొరికినంతా చదివాను. ఉపనిషత్తుల తాత్పర్యాలు, పడమటి తత్వవేత్తల అనువాదాలు, అట్టలు ఊడినవి, చివరి పుటలు లేనివి, ఏదీ వదల్లేదు. అవన్నీ ఇంచుమించు ఆ వక్త చెప్పిన మాటే చెప్పాయి. ఆ మాట అబద్ధమని నాకు తెలియజెప్పింది మాత్రం మా చిన్నమ్మ బొటనవేలు.

గద్వాల పక్క ఊళ్లో చిన్నమ్మ విత్తనపత్తి చేలలో క్రాసింగు పనికి పోయేది. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలను గోటితో ఒలిచి, లోపల పుప్పొడి పుట్టే భాగాన్ని తీసేయాలి. తెల్లారి మగ చెట్ల పువ్వులు తెచ్చి వాటికి రుద్దాలి. తేనెటీగ తన దారిన తాను చేసుకుపోయే పనిని విత్తనాలవాళ్లు ఈ ఆడవాళ్ల వేళ్లకు అప్పజెప్పారు. చిన్నమ్మ దాని మీద కూడా జోకులు వేసేది. "దేవుడు చేసే పెండ్లి మనతోని చేయిస్తుండ్రు, బువ్వ మాత్రం పెడ్తలేరు" అంటే చేనంతా నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. ప్రకృతి అనే మాటకు పుస్తకాల్లో ఎన్ని అర్థాలున్నా, ఆ చేలో ఒక్కటే అర్థం: విత్తనాలవాళ్లు చెప్పినట్టు కాసేది. ఏండ్ల తరబడి ఆ పసరులోనూ, ఇంటికొచ్చి గిన్నెలు తోమే బూడిదలోనూ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఎవరూ గమనించలేదు. గీతలతో పనేం పడింది గనక.

ఆ పని రేషన్ దుకాణంలో పడింది. కార్డులో పేరున్న ప్రతి మనిషీ యంత్రం మీద వేలిముద్ర వేయాలి, లేకపోతే పేరు తీసేస్తారన్నారు. చిన్నమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమె కార్డులో ఉన్నది ఆమె ఒక్క పేరే. నేనే తోలుకుని పోయాను. యంత్రం ఒక్కో వేలినీ కాదన్నది. కంటిపాపను చూసే ఇంకో యంత్రం, శుక్లాలు తీయించుకున్న ఆమె కండ్లనూ కాదన్నది. డీలర్ తలెత్తకుండానే తీర్పు చెప్పాడు.

"అవ్వా, నువ్వు నువ్వు కాదంటుంది మిషిను."

"నేను గాకపోతే మీ తాతనా? పుట్టిన కాడినుంచి నన్ను చూస్తలేవారా?"

"నేను జూస్తే ఏం లాభం, అది జూడాలె. జర పక్కకు జరుగు."

వాడి ఇల్లు ఆమె ఇంటికి ఎదురుగానే ఉంటుంది. ఆ రోజు నేను వాడిని తిట్టిన తిట్లు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. తిరిగి వస్తూ ఆమెను ఓదారుద్దామని నా చదువంతా బయటికి తీశాను. "ఆత్మకు వేలిముద్రలుండవు చిన్నమ్మా" అన్నాను. "ఆత్మకు బియ్యమిస్తరా కొడుకా?" అన్నది.

అది ఆషాఢం. గోరింటాకు దట్టంగా పెడితే గీతలు తేలుతాయని వాడకట్టు ఆడవాళ్లు చెప్పారు. చిన్నమ్మ వేళ్ల కొనలకు టోపీలు తొడిగినట్టు ముద్దలు పెట్టుకుంది. వేళ్లు కొత్త పెండ్లికూతురివిలా ఎర్రగా పండాయి. యంత్రానికి ఆ ఎరుపు అసలే గిట్టలేదు. రంగు పోయేదాకా రావొద్దన్నాడు డీలర్. చేతిగీతలు దేవుడు రాసినవని నమ్మిన మనిషి, ఆ సాయంత్రం కొళాయి దగ్గర వేళ్లు రుద్దుకుంటూ, "రాసినాయన రాసి మర్చిపోయిండా?" అని అడిగింది. ఆమె గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

కొన్నాళ్లు చేతిపని మానితే గీతలు మళ్లీ తేలవచ్చని దవాఖానలో చెప్పారు. ఆ ఏడు ఆమె క్రాసింగుకు పోలేదు. నేను తెచ్చిచ్చిన బియ్యం వండుకుని, వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ గడప మీద కూర్చున్నది. చలికాలంలో యంత్రం ఒప్పుకుంది. చిన్నమ్మ దాన్ని తాకిన వేలిని కండ్లకు అద్దుకుంది. అంతకు ముందు గుళ్లో తప్ప ఆమె అట్లా చేయడం నేను చూడలేదు. డీలర్ నవ్వాడు. నాకు ఆ పెట్టెను ఎత్తి మురుగు మోరీలో వేయాలనిపించింది.

గెలిచాం కదా అనుకున్నాను. కానీ బియ్యానికి నెలనెలా ఆ పెట్టె మీద వేలు పెట్టాల్సిందే. ఆ తర్వాత ఆమె ఆ వేళ్లకు కాపలాదారు అయిపోయింది. జొన్నరొట్టె చేతితో కొట్టడం మానేసింది. గిన్నెలకు పీచు ముట్టుకోలేదు. తర్వాతి వానాకాలం తోటివాళ్లు చేనికి పోతూ గడప ముందు ఆగారు. "ఏమే, పెండ్లి పెద్దవు నువ్వే లేకపోతే ఎట్లనే?" అని నవ్వించబోయారు. చిన్నమ్మ నవ్వలేదు. చేతులు కొంగులో దాచుకుని, "వేళ్లు ఖరాబైతయే, నేను రాను" అన్నది. వాళ్లు పోయాక బొటనవేలిని ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూసుకుంది.

ఉండబట్టలేక అరిచాను. "నువ్వు నీకోసం బతుకుతున్నవా, ఆ డబ్బాకోసమా?"

"అది నన్ను గాదన్ననాడు, నేనేనని నువ్వు ఒప్పించినవా?" అన్నది, వేలి మీదినుంచి చూపు తిప్పకుండానే.

ఆ 'నేను' మనిషికి పుట్టుకతోనే దక్కుతుందని ఎన్నో పుస్తకాల్లో చదివాను. మా చిన్నమ్మకు మాత్రం చివరి ఏండ్లలో అది నెలకోసారి, ఆ పెట్టె ఒప్పుకుంటేనే దక్కింది.