తమ్ముడు సారె తెచ్చిన ఎపిసోడు

ఫోను చేతికొచ్చాక మా అక్క మనుషుల్ని మరిచిపోయిందని మా చుట్టాల్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

అక్కది గుడియాత్తం. బావ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుడుతుంది. నేను వేలూరులో మేస్త్రీని. వాళ్ల వీధి కేబుల్లో తెలుగు ఛానళ్లు తీసేసినప్పుడు ఆమె చూసే సీరియల్ మధ్యలో ఆగిపోయింది. మా ఇంట్లో మాత్రం వచ్చేది. అందుకని ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి వారం కథంతా చెప్పేవాణ్ణి. ఆమె ఆకు కత్తిరిస్తూ వినేది. సీరియల్లోని అత్త మాటలు ఆమెలాగే అని చూపిస్తే, మీసం తీసేస్తే నువ్వే ఆ అత్తవని నవ్వేది.

కాంక్రీటు వేసే రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి సీరియల్ అయిపోయేది. చూడలేదని చెప్పడానికి మనసొప్పక కల్పించి చెప్పేవాణ్ణి. అలాంటి ఒక వారం, పుట్టింటివాళ్లు వదిలేసిన ఆ సీరియల్ కోడలి దగ్గరికి ఆమె తమ్ముడు వచ్చాడని చెప్పాను. పళ్లెంలో చీర, పసుపు, కుంకుమ, గాజులు పెట్టుకొని, మేళంతో, వీధంతా చూస్తుండగా సారె తెచ్చాడని, అత్త తల వంచుకొని పక్కకు తప్పుకుందని.

అక్క చేతిలో కత్తెర ఆగింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఈసారి చీరకు రంగు కూడా పెట్టాను.

మా ఇంటి నుంచి అక్కకు అలాంటి పళ్లెం ఒక్కసారి కూడా పోలేదు. నాయన పోయాక ఆ బాధ్యత నాది. ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ ఉండగానే బావ పోయాడు. ఇక పసుపు కుంకుమల పళ్లేనికి వేళే లేకపోయింది. కథ చెప్పేటప్పుడు అదేమీ నాకు తట్టలేదు.

తర్వాత ఆ ఛానల్ వాళ్లే సీరియల్ మొత్తం, మొదటి ఎపిసోడు నుంచి, ఇంటర్నెట్లో ఊరికే చూసేటట్టు పెట్టారని పనిలో ఒకతను చూపించాడు. నా ఆదివారాలు నాకు మిగులుతాయనుకున్నాను. పాత ఫోనొకటి తీసుకుపోయి, ఎక్కడ నొక్కాలో నేర్పించి, ఇంక నా అవసరం లేదక్కా అన్నాను.

కొన్ని వారాలకు ఫోన్ చేసింది.

"ఆ తమ్ముడు సారె తెచ్చేది ఏ నంబర్లో ఉండాదిరా?"

ప్రతి ఎపిసోడు కింద అందులో ఏముందో తెలుగులో రాసి ఉంటుంది. అక్క చదివింది తమిళ బడిలో. తెలుగు మాట్లాడుతుందే గాని అక్షరాలు రావు. అంకెలు చూసి నొక్కుతుంది. ఎక్కడో తానే దాటేసి ఉంటానని అనుకుంది. అప్పుడే ఒప్పుకొని ఉండవలసింది. "ఉంటాదిలే, సరిగ్గా చూడు" అన్నాను.

ఇంకో రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తడం మానేశాను. గుడియాత్తం పోవడమూ మానేశాను. కాట్పాడిలో ఒక పెళ్లిలో అక్క రాలేదేమని ఎవరో అడిగితే, ఆమెకు ఫోనుంటే చాలు, మనమెందుకు అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాటే నిలబడిపోయింది.

ఏడాది దాటాక మా అమ్మాయి కాన్పుకని మా ఆవిడ అరక్కోణం పోయింది. ఖాళీ ఇంట్లో టీవీ పెట్టుకొని కూర్చున్నాను. చూసింది చెప్పడానికి మనిషి లేదు. ఆ ఆదివారం బస్సెక్కాను.

అక్క గుమ్మం దగ్గర చేటతో కూర్చొని ఉంది. ఫోను గోడకు ఆనించి ఉంది. ఇన్నాళ్లు రాలేదేమని అడగలేదు. పీట నా వైపు జరిపింది. మొదటి నుంచి చూడడం ఇది మూడోసారట.

"రెండు వందలు దాటినాను నాయనా. ఇంకా రాలేదు."

చెప్పేశాను. ఆ వారం నేను చూడలేదని, సారె సంగతి నేను కట్టిన కథేనని.

ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి ముడివేసింది. ఫోను ఆపింది.

"అయితే ఆ తమ్ముడు రానే రాలేదా?"

"రాలేదక్కా."

చేటలోంచి ఇంకో ఆకు తీసుకుంది. నేను బస్సుకు లేచేదాకా కత్తిరిస్తూనే ఉంది.