నీళ్ళొదులుకున్న మొక్క

మా మామయ్యను వీధిలో అందరూ ‘రేపు మాస్టారు’ అంటారు. ఆయన టైలరు. చొక్కా ఎప్పుడిస్తారని అడిగితే ‘రేపు’ అంటాడు. రేపు వెళ్ళి అడిగినా ‘రేపు’ అనే అంటాడు. అబద్ధమాడుతున్నానని ఆయన ఎన్నడూ అనుకోడు. అనే క్షణంలో నిజంగానే నమ్ముతాడు, అదే వచ్చిన చిక్కు. చేతి పని మాత్రం బంగారం. ఆయన కుట్టిన కాలరు ఎన్నేళ్ళయినా వంగదు. అందుకే జనం తిట్టుకుంటూనే మళ్ళీ అక్కడికే వెళతారు.

మా అమ్మ మాత్రం వెళ్ళదు. అమ్మకు ఈయన సొంత తమ్ముడు. అమ్మ పెళ్ళి బట్టలు తానే కుడతానని పట్టుబట్టి తీసుకుని, పెళ్ళయిన వారానికి ఇస్త్రీ చేసి మరీ పట్టుకొచ్చాడు. పెళ్ళి ఫోటోల్లో అమ్మ పక్కింటావిడ బట్టల్లో ఉంటుంది, భుజాలు జారిపోతూ. ఆ తర్వాత తమ్ముడికి అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, కానీ ఊడిన గుండీ కూడా కుట్టమని ఇవ్వలేదు. ఆ సంగతి మామయ్యను ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అలాంటి అమ్మ, మోకాలి ఆపరేషనుకు పోయే ముందు, ప్రాణంలా పెంచుకున్న మొక్కను తెచ్చి మామయ్య షాపులో పెట్టింది. పెట్టక తప్పలేదు. ఆపరేషనయ్యాక అమ్మ ఉండాల్సింది మా ఇంట్లో. మా ఇంటికున్న ఒక్క కిటికీ ఎదురింటి గోడను చూస్తుంది. పైగా నా చేతిలో ప్లాస్టిక్ మొక్క కూడా బతకదని అమ్మ నమ్మకం. మామయ్య షాపులో పెద్ద కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు గానీ వెలుతురు బాగా వస్తుంది, ఇస్త్రీ ఆవిరికి గది వెచ్చగా, తేమగా ఉంటుంది. వేడి దేశాల మొక్కకు అంతకన్నా ఏం కావాలి?

అది హైబ్రిడ్ అగ్లోనిమా. వెడల్పాటి పచ్చటి ఆకులు, వాటి మీద గులాబీ రంగు చిలకరించినట్టు మచ్చలు.

“హైబ్రిడ్ అంటే బాగా కాస్తుందేమో వదినా?” అంది అత్తయ్య.

“కాయదు. ఆకులే.”

“కూర వండుకోవచ్చా?”

“తింటే నోరు వాచిపోతుంది” అంది అమ్మ. అత్తయ్యకు ఆ మొక్క మీద ఆసక్తి అక్కడితో తీరిపోయింది.

అమ్మ తమ్ముడివైపు తిరిగింది. “ఒరేయ్, పైన మట్టి ఎండితేనే నీళ్ళు. జీవితంలో ఈ ఒక్క మాట నిలబెట్టుకో, చాలు.”

“నీకన్నా బాగా చూసుకుంటానక్కా” అన్నాడు మామయ్య.

చూసుకున్నాడు కూడా. లైనింగు గుడ్డ ముక్కతో ఆకులు తుడిచేవాడు, టేపుతో వాటి పొడవు కొలిచేవాడు. అయినా ఆకులు పసుపుపచ్చబడ్డాయి. ఒకటి రాలింది, తర్వాత ఇంకోటి. కాండం మొదట్లో మెత్తబడింది. మామయ్యకు తిండి సహించలేదు. అమ్మ ఫోన్ చేసి “ఎలా ఉందిరా?” అంటే, “మారాకు వేస్తోందక్కా” అన్నాడు. పాపం, అప్పుడే రాలిన ఆకు ఆయన చేతిలోనే ఉంది.

నేను షాపుకు వెళ్ళి ఉన్న ఆ సమయానికే మొక్కల నర్సరీ నడిపే ఆయన తన ప్యాంటు కోసం వచ్చాడు, ఎన్నోసారో ఆయనకే తెలియాలి. మామయ్య ప్యాంటు ఊసెత్తనీయకుండా చెయ్యి పట్టుకుని మొక్క దగ్గరికి లాక్కెళ్ళాడు. ఆయన కాండం నొక్కి, మట్టి వాసన చూసి, పెదవి విరిచాడు.

“మాస్టారూ, ఇంక దీనికి నీళ్ళొదులుకోండి.”

“అంతేనా?”

“అంతే. చేసేదేమీ లేదు.”

మొక్క పని అయిపోయిందని నాకర్థమైంది. మామయ్య మొహం మాత్రం వెలిగిపోయింది. నర్సరీ ఆయన గడప దాటగానే, “విన్నావటే? నీళ్ళు వదులుకుంటే చాలట! ఇంకేమీ చెయ్యక్కర్లేదట!” అన్నాడు. ఆశ వదులుకోమని ఆయనంటే, నీళ్ళు పోయడం మానెయ్యమన్నాడని ఈయన అనుకున్నాడు. చెబుదామనే నోరు తెరిచాను. ఆ మొహం చూశాక చెప్పడం మానేశాను.

మర్నాటి నుంచి మామయ్య చుక్క నీళ్ళు పోయలేదు. అయినా మట్టి తడే. కాపు కాస్తే దొంగలు దొరికారు. బట్టల కోసం వచ్చినవాళ్ళను “కూర్చోండి, కాజాలే మిగిలాయి” అని మామయ్య కూర్చోబెడతాడు. అత్తయ్య మంచినీళ్ళిస్తుంది. వాళ్ళు తాగినంత తాగి, మిగిలింది కుండీలో పోసి పుణ్యం కట్టుకుంటున్నారు.

మామయ్య అట్ట మీద గుడ్డల సుద్దతో ‘మొక్కకు నీళ్ళు పోయరాదు’ అని రాసి పెట్టాడు. ఒకాయన చల్లారిన టీ పోశాడు. అదేమిటంటే, “నీళ్ళని రాశారు గానీ టీ అని రాయలేదుగా” అన్నాడు.

“వీళ్ళు కూర్చున్నంతసేపూ పోస్తూనే ఉంటారే. అసలెందుకు కూర్చుంటున్నారంటావ్?” అని అడిగాడు మామయ్య.

అత్తయ్యా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

“మీరు బట్టలివ్వక” అంది అత్తయ్య.

అప్పటినుంచి మిషను చప్పుడు ఆగలేదు. అన్న రోజుకు చొక్కా చేతికొచ్చేసరికి జనం హడలిపోయారు. మాస్టారికి ఒంట్లో బాగాలేదా అని అత్తయ్యను పక్కకు పిలిచి అడిగారు. ఒకావిడ, “ఊరికే అడిగి పోదామనొచ్చాను, సంచీ కూడా తేలేదు” అని నొచ్చుకుంది. కుర్చీలు ఖాళీ అయ్యాయి. కుండీలో మట్టి ఎండింది.

అమ్మ కర్ర ఊతంతో షాపు మెట్లెక్కేనాటికి మొక్కకు మిగిలినవి మూడే ఆకులు. వాటి మధ్య సన్నగా, బిగుతుగా చుట్టుకున్న లేతాకు ఒకటి.

“బోడిచేసి పెట్టావు కదరా!” అంది అమ్మ.

మామయ్య తలెత్తలేదు. “కొన్ని పోయాయక్కా. పోనీయకూడదనే చూశాను.”

అప్పుడే, ఇన్నాళ్ళూ అటు రాని నర్సరీ ఆయన ప్యాంటు కోసం వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఇది బతికే ఉందా? నేనప్పుడే నీళ్ళొదులుకోమన్నానుగా!”

“మీ మాట జవదాటలేదండీ. చుక్క పోస్తే ఒట్టు.”

ఆయన ఏదో అనబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను. అమ్మ నా కాలువైపు చూసింది. విషయం అర్థమై, నవ్వు రాకుండా పెదవులు బిగించింది.

“సరే, ఈ ఆకెప్పుడు విచ్చుకుంటుందిరా?”

“రేపు” అన్నాడు మామయ్య. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అత్తయ్య తల పట్టుకుంది.

“రేపొస్తాను” అంది అమ్మ.

మర్నాడు వెళ్ళేసరికి ఆకు విచ్చుకుని ఉంది, మిగతా వాటికన్నా ఎక్కువ గులాబీ రంగుతో. అమ్మ దాన్ని వేలితో నిమిరింది. తర్వాత చేతి సంచీలోంచి మడతపెట్టిన కొత్త బట్ట తీసి బల్ల మీద పెట్టింది.

“నాకో జత కుట్టరా.”

మామయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి మెడలో వేలాడే టేపు తప్ప ఏమీ దొరకలేదు. “ఎప్పటికి కావాలక్కా?” అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

“అది ఇంకో ఆకు వేసేనాటికి. అందాకా కుండీ ఇక్కడే ఉంటుంది.”

అమ్మను కారెక్కించి నేను లోపలికి వచ్చేసరికి మామయ్య బట్ట పరిచి సుద్దతో గీతలు గీసేస్తున్నాడు.

“ఏమిటి మామయ్యా, అంత తొందర?”

ఆయన కుండీవైపు భయంగా చూశాడు.

“రేపే వేసేస్తే ఎలాగే?”