ఒకవేళ మావయ్య దిండు

ఆయన నోట ‘ఒకవేళ’ లేకుండా ఒక్క వాక్యం కూడా బయటికి వచ్చేది కాదు. దాహమేస్తే అందరూ మంచినీళ్లు అడుగుతారు. ఆయన మాత్రం, “మంచినీళ్లు ఇవ్వమ్మా, ఒకవేళ గ్లాసు జారితే ఇంకో గ్లాసు కూడా” అనేవాడు. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో కట్టుకున్నావిడకే ఆలోచిస్తే గానీ గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడు మేనకోడలు ‘ఒకవేళ మావయ్య’ అని మొదలుపెట్టింది, ఊరంతా అందుకుంది.

ఒకసారి డాక్టరు ఆయన నోట్లోంచి థర్మామీటరు తీసి, “జ్వరం లేదండీ, ఇంటికెళ్లి పడుకోండి” అన్నాడు.

“ఒకవేళ జ్వరం మీ థర్మామీటరుకి వచ్చి ఉంటే?”

డాక్టరు కాసేపు దాని వంక చూసి, ఎందుకైనా మంచిదని ఇంకోటి తీశాడు.

ఆయన నోరు మూతపడింది జీవితంలో ఒక్కసారే. పెళ్లి మాటలప్పుడు అత్తయ్యని పక్కకి పిలిచి, “ఒకవేళ నేను నీకు నచ్చకపోతే?” అని అడిగాడట. “ఒకవేళ నచ్చితే?” అంది అత్తయ్య. ఆ మాటకి అటువైపు కూడా ఒకటుందని ఆయనకి అప్పటిదాకా తట్టనే లేదు. జవాబు దొరక్క పెళ్లి చేసుకున్నాడు.

ఉద్యోగం కూడా నోటికి తగినదే దొరికింది. వ్యాపారాల కంప్యూటర్లలో దొంగలు పడితే ఆదుకునే సైబర్ ఇన్సూరెన్సు. లోకంలో ఎవరికీ అక్కర్లేని భయాలన్నీ ఆయన దగ్గర అమ్మకానికి ఉండేవి. అందరికంటే ఎక్కువగా కొనిపించాలని చూసింది మేనకోడలి చేత.

ఆమెది పరుపులు, దిండ్లు కుట్టించే కొట్టు. మధ్యాహ్నమయ్యేసరికి కిటికీ ఎండలో దూది నలకలు తేలుతూ ఉండేవి. మిషన్ల చప్పుడు జోలపాటలా సాగేది. బేరమాడడానికి వచ్చినవాళ్లు ధర వినకముందే ఆవులించేవాళ్లు. దెబ్బలాడదామని వచ్చిన ఒక పెద్దమనిషి నమూనా పరుపు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి, సాయంత్రం లేచి, తను ఏం పని మీద వచ్చాడో వాళ్లనే అడిగి వెళ్లిపోయాడు.

“కొట్టుకి పాలసీ తీసుకోవే” అనేవాడు మావయ్య.

“దూదికి కంప్యూటర్ దొంగలతో ఏం పని మావయ్యా?”

“దూదికి లేదు. నీ కంప్యూటర్లో ఊరందరి నడుంనొప్పులూ ఉన్నాయి. ఒకవేళ బయటపడితే? జడ్జిగారికి ఏనుగు బొమ్మ దిండు లేనిదే నిద్రపట్టదని తెలిస్తే, రేపు కోర్టులో ఆయన్ని చూసి ఎవరు భయపడతారు?”

“ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?”

“సరే, ఒకవేళ ఎవడో నీ ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానంటే?”

ఆ పోరు పడలేక ఆమె సంతకం పెట్టేసింది. అయినా వదల్లేదు. ఫైళ్లకి ఒక కాపీ తీసి, కంప్యూటర్‌కి దూరంగా విడిగా దాచాలట. అది పాలసీలో షరతట.

“రేపు తీస్తాలే” అంది. ఆ రేపు ఎంతకీ రాలేదు.

“ఒకవేళ నేనే తీసిపెడితే?”

“నీ ఇష్టమొచ్చింది చేసుకో మావయ్యా. ఆ మాట మాత్రం మళ్లీ నా కొట్టులో అనకు.”

ఆ రోజు నుంచీ ఆయన ఇన్సూరెన్సు ఊసెత్తలేదు. దానికి బదులు శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి, సూటూ బూటూ వేసుకుని, చంకలో దిండు పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. దిండ్ల కొట్టుకి దిండు మోసుకెళ్లే మనిషిని చూసి వీధి వీధంతా నవ్వేది.

“మా దగ్గర దిండ్లు లేవా మావయ్యా?”

“ఉన్నాయిలే. ఒక...” అని నాలిక కరుచుకునేవాడు.

నమూనా పరుపుని కంప్యూటర్ బల్ల పక్కకి జరుపుకుని గురక మొదలుపెట్టేవాడు. ఆ గురకకి మిషన్ల దగ్గరున్నవాళ్లకి కూడా కునుకు పట్టేది. మేనకోడలైతే లెక్కలు చూస్తూ చూస్తూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎటో వెళ్లిపోయేది. లేచాక ఆయన తనకొచ్చిన కల చెప్పేవాడు.

“పరుపులన్నీ కిటికీలోంచి బయటికెళ్లి మబ్బుల్లా తేలుతున్నాయే. ఒక్కోదాని మీద ఒక్కో కస్టమరు. జడ్జిగారు ఏనుగు మీద. ఎంత హాయిగా ఉందనుకున్నావు.”

“తర్వాత?”

“తర్వాతేముంది, వానొస్తే పరుపులు తడుస్తాయని బెంగపుట్టి మెలకువొచ్చేసింది.”

కొట్టులో అందరికంటే పెద్దావిడ మిషన్ పిన్ని. ఒక శుక్రవారం ఆయన దిండు సర్దబోయి, “ఇందులో ఏదో రాయిలా తగులుతోందమ్మా” అంది. మావయ్య గబుక్కున లాక్కుని, “నా మెడకి గట్టిదే పడుతుంది” అన్నాడు. మేనకోడలికి మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ దిండు తను కుట్టించి ఇచ్చిందే.

ఇంతలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఆసుపత్రి కొత్త వార్డుకి పరుపులు. ఒక్కో మంచానికి ఒక్కో కొలత. అన్నీ కంప్యూటర్లోనే. చెప్పిన రోజుకి ఇస్తే కొట్టు నిలబడుతుంది. ఇవ్వకపోతే మిషన్ పిన్నికీ, మిగతావాళ్లకీ వేరే పని వెతుక్కోమని చెప్పాలి.

సరిగ్గా అప్పుడే, ఒక శనివారం ఉదయం, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి మెయిలొచ్చింది. ‘మీరు కుట్టిన దిండులో రాయి ఉంది. ఫొటో చూడండి.’ ఇంకెవరైనా నవ్వి ఊరుకునేవారు. ఆమెకి మిషన్ పిన్ని మాట గుర్తొచ్చింది. వెంటనే ఫొటో తెరిచింది. ఫొటో లేదు. తెర నల్లబడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేశామనీ, డబ్బు పంపితే తీస్తామనీ అక్షరాలు వచ్చాయి.

ఏడుస్తూ మావయ్యకి ఫోన్ చేసింది.

“ఎవరికీ ఏమీ పంపకు. నెట్ వైరు పీకెయ్. ఇంకేదీ ముట్టుకోకు. వస్తున్నాను.”

అన్ని మాటల్లో ఒక్క ‘ఒకవేళ’ కూడా లేదు. అప్పుడామెకి అసలు భయం వేసింది.

మావయ్యతో పాటు ఇన్సూరెన్సు కంపెనీ పంపిన నిపుణురాలు కూడా వచ్చింది. అన్నీ నిదానంగా పరీక్షించింది.

“తాళం వేశారు గానీ ఏమీ ఎత్తుకుపోలేదు. పని ఆగినందుకు నష్టం మేం చూసుకుంటాం. కంప్యూటర్లు శుభ్రం చేసిస్తాం. విడిగా దాచిన కాపీ ఇవ్వండి, కొలతలన్నీ వెనక్కి తెచ్చేద్దాం.”

“తీయలేదండీ” అంది మేనకోడలు.

“కాపీ లేకపోతే ఈ తాళం నేనూ తీయలేనమ్మా. షరతు తప్పితే పాలసీ కూడా నిలవదు.”

వెనక గదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మావయ్య చంకలోని దిండు తీసి బల్ల మీద పెట్టాడు.

“కత్తెరివ్వవే.”

కుట్లు విప్పి దూదిలో చెయ్యి పెట్టి, చిన్న డిస్కు ఒకటి బయటికి తీశాడు. “నిన్న మధ్యాహ్నం దాకా ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి.”

“ఇదా నాకు తగిలిన రాయి?” అంది మిషన్ పిన్ని.

“ఎవడైనా దొంగ వచ్చినా నా తలకింద దిండు లాక్కుపోడుగా” అన్నాడాయన.

మేనకోడలు డిస్కు చేతిలోకి తీసుకుంది. “మరి ఆ గురక?”

“దిండు కుట్లలోంచి వైరు లాగి నీ కంప్యూటర్‌కి తగిలించి, కాపీ అయ్యేదాకా పక్కనే ఉండాలి కదా. ఒకవేళ అనుమానమొచ్చి అడిగితే, ఆ మాట అనకుండా నీకెలా చెప్పను?”

“ఒక్కసారి కూడా నిద్రపోలేదా? ఆ కలల సంగతేంటి?”

“మెలకువలోనే కన్నాను. కాపీకి చాలాసేపు పడుతుందే.” ఆయన గొంతు తగ్గింది. “రాయి మాట చెవిన పడబట్టే నువ్వా ఫొటో తెరిచావు. ఇన్నిటికి భయపడ్డాను గానీ, నా దిండు గురించి మాత్రం భయపడలేదే.”

ఆమె ఏడుపు మధ్యలో పకపకా నవ్వింది.

పరుపులు చెప్పిన రోజుకే ఆసుపత్రికి చేరాయి. ఆ శుక్రవారం మావయ్య యథాప్రకారం దిండుతో వచ్చాడు. ఆమె దాన్ని లాక్కుని, డిస్కు తీసుకుని, కాపీ తనే తీసి, బీరువాలో దాచమని అత్తయ్యకి పంపేసింది. తను స్వయంగా కుట్టిన మెత్తటి దిండు ఆయన తలకింద పెట్టింది.

కిటికీ ఎండలో దూది నలకలు తేలుతున్నాయి. ఎంతసేపటికీ గురక వినబడకపోయేసరికి మిషన్ పిన్ని కంగారుగా వచ్చింది.

“ఏమ్మా, మనిషి బాగానే ఉన్నాడా?”

“ఇవాళ నిజంగా నిద్రపోయాడు పిన్నీ.”

నిద్రలోనే ఆయన పెదవులు కదిలాయి. “ఒకవేళ...”

మేనకోడలు వంగి చెవిలో మెల్లగా అంది. “ఒకవేళ ఏమీ జరగకపోతే మావయ్యా?”

ఆయన దగ్గర జవాబు లేకపోయింది. చిన్నగా నవ్వి, అటువైపు తిరిగి పడుకున్నాడు.