నాయన కట్టిన చక్రాల గది

మా చిన్నప్పుడు... ఆత్మకూరులో మా ఇంటికి ఒకటే గది, ఒకటే కిటికీ. కిటికీ పక్కన నులక మంచం మీద అమ్మ. బావి గట్టున జారిపడి నడుం దెబ్బతిన్నాక ఆమె కాళ్ళు మళ్ళీ కదల్లేదు...

నాయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. అందుకని అయిదో తరగతిలో నన్ను బడి మాన్పించారు. అమ్మను పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, గంజి తాగించడం నా పనులు. అమ్మ మంచానికి అతుక్కుపోయింది, నేను అమ్మకి అతుక్కుపోయాను. వీధి చివర బడిగంట మోగినప్పుడల్లా అమ్మ గోడవైపు ముఖం తిప్పుకునేది... ఎందుకో నాకు తెలిసేది కాదు.

"మా అమ్మను చూడాలయ్యా" అని అమ్మ నాయనను అడిగేది. అమ్మను కన్న మా అవ్వది ఉదయగిరి కొండ కింద పల్లె. పెళ్ళినాడు నాయనతో మాటామాటా వచ్చి, అల్లుడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఎన్నిసార్లు కబురు పంపినా రాలేదు. పోదామంటే అమ్మ బస్సులో కూర్చోలేదు. ఎద్దులబండి ఎక్కిస్తే వీధి దాటకముందే నొప్పికి పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది.

అప్పుడు నాయనకు షెడ్డు వెనక తుప్పు పట్టి పడున్న జీపు ట్రైలరు మీద కన్ను పడింది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన సరుకు. షెడ్డు యజమానిని అడిగి ఇంటికి లాక్కొచ్చాడు. ముందు ఎడ్లు కట్టే నొగ బిగించాడు. చుట్టూ చెక్కలు కొట్టి, పైన తాటాకు కప్పు వేశాడు. వెనక చిన్న తలుపు.

మొదటిసారి తోలితే కుదుపు తగ్గలేదు. స్ప్రింగు పట్టీలు గట్టిగా ఉన్నాయని రెండు ఊడదీశాడు. తర్వాత మంచాన్ని ఉయ్యాలలా తాళ్ళతో వేలాడదీశాడు... అది ఊగి ఊగి అమ్మకు వాంతులు. సైకిలు ట్యూబులు కోసి నాలుగు మూలలా లాగి కట్టాక ఊపు ఆగింది. అమ్మ అందులో పడుకుని చూసి, "కిటికీ కిందికి దించయ్యా. ఆకాశం మనింట్లో కూడా కనపడతాది. నాకు దారి కనపడాల" అంది. నాయన నవ్వుతూ మళ్ళీ రంపం పట్టాడు.

అందరూ చూసిపోయేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. అమ్మ కాళ్ళ దగ్గర నేను కూర్చోడానికొక చెక్క పలక బిగించి ఉంది. ఇంకో గది... చక్రాలున్న గది, అంతే అనిపించేది.

ఎడ్లు అడిగి తెచ్చుకుని బయలుదేరాం. ఎక్కడ నీడ ఉంటే అక్కడ ఆపి, మూడు రాళ్ళ మీద సంగటి వండుకున్నాం. దుత్తలూరు దాటాక ఒక వాగు. నీళ్ళు మడమల లోతే. నడిమధ్యకు రాగానే కుడి చక్రం ఇసుకలో కూరుకుపోయింది. బండి ఒరిగి, వెనక తలుపు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. నాయన ఎడ్లను విప్పి, "మనుషుల్ని పిల్చుకొస్తా, ఉండండి" అని పరుగెత్తాడు.

పైన ఎక్కడో కొండల్లో వాన పడిందేమో... కాసేపటికి నీళ్ళు ఎర్రబారాయి. చెత్త, నురగ కొట్టుకొస్తున్నాయి. చెక్కల సందుల్లోంచి చల్లగా నా పాదాలకు తగిలాయి.

"పాపా, కిటికీలోంచి దూకు. నువ్వు అందులో దూరగలవు. పో."

"నేను పోను."

"నా కోసరం నువ్వు కూడా ఈడనే చస్తావా? ఇంట్లో నాతో మగ్గింది చాల్లేదా నీకు?" అని అరిచింది అమ్మ. చెయ్యెత్తి నన్ను కొట్టింది కూడా. నేను ఆమె చేతినే పట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. బండి ఒకసారి లేచి పడింది. ఊపిరి శబ్దం, నీళ్ళ శబ్దం.

ఇంతలో కప్పు మీద గొడ్డలి దెబ్బ. నాయన, ఆయన వెంట గొర్రెల కాపరులు. తాటాకు చీల్చి, అమ్మను దుప్పటితో సహా పైకి లాగారు. నన్ను ఒకాయన భుజాన వేసుకున్నాడు.

మర్నాడు వాగులో వరద తీసింది. మోకులు కట్టి ట్రైలరును ఒడ్డుకు లాగారు. కప్పు లేదు, ఒక పక్క చెక్కలు లేవు. నాయన తల పట్టుకుని, "వెనక్కి పోదాంలే" అన్నాడు.

"ముందుకే తోలయ్యా. ఇంత దూరం వచ్చి యాడికి వెనక్కి?" అంది అమ్మ.

కప్పు లేని బండిలో ఎండకు మాడిపోతూనే అవ్వ ఇంటి ముందు దిగాం. అవ్వ గడపలోకి వచ్చి, కూతుర్ని చూసి నెత్తిన చేతులు పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. మంచి చెడ్డా అడగలేదు.

"అమ్మా, ఈ బిడ్డను బడికి పంపాల. నువ్వు నాతో రా" అంది.

అమ్మకు కావలసింది పుట్టిల్లు కాదని నాకప్పుడు తెలిసింది.

 అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని నాయనవైపు చూసి, "ఏమబ్బా, ఈ బండిలో నాకు చోటుండాదా?" అంది. నాయన తల ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు నా పలక మీద అవ్వ కూర్చుంది. నేను నాయన పక్కన, ముందు... గాలి తగిలేచోట. ఆ తర్వాతి వారమే మళ్ళీ అయిదో తరగతిలో, నాకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చున్నాను. అమ్మ బతికినన్నాళ్ళూ అవ్వ ఆత్మకూరులో మా గది వదల్లేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. మొన్న కార్లో పోతుంటే ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. మంచాన పడినవాళ్ళకు చక్రాల కుర్చీలు, అంబులెన్సులు వచ్చాయి. అయినా నేను ఇప్పటికీ తలుపు మూసుకుని పడుకోలేను...

మీలో ఎవరైనా చిన్నతనమంతా ఒక మంచం పక్కనే గడిపారా? అక్కడినుంచి మిమ్మల్ని ఎవరు బయటికి పంపారు... చెప్పండి, వింటాను.