కరువు సినిమాకు దొరికిన మా చేను

కరువు మీద సినిమా తీయడానికి వాళ్లు వచ్చిన ఏడాదే మా ఊళ్లో వానలు కురిశాయి.

బత్తలపల్లె దాటి రోడ్డు నుంచి లోపలికి వెళితే మా ఊరు. చెరువు నిండి, మిగులు నీళ్లు మరవ మీదుగా పారడం పిల్లలు కథగా వినే ఊరు. ఆ ఏడు నిజంగానే పారింది. వేరుశనగ చేలు నేల కనపడకుండా అల్లుకున్నాయి. సరిగ్గా అప్పుడు హైదరాబాదు నుంచి వ్యాన్లు దిగాయి. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. సినిమాకు డబ్బు పెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. మేనేజరు ఫోను మోగితే ప్రతిపక్షం పాట వచ్చేది, అది చాలు. ప్రభుత్వం మమ్మల్ని ఎలా ఎండబెట్టిందో లోకానికి చూపించడం వాళ్ల పని. చెరువుకట్ట మీద నిలబడి ఆ నీళ్లను చూసిన డైరెక్టరు మొహం నేను మరిచిపోలేను. చావు కబురు విన్నవాడి మొహం.

"ఇంత పచ్చగా ఉంటే ఎలాగండీ?" అన్నాడు నాతో. అనంతపురంలో కాలేజీ పాఠాలు చెప్పుకునేదాన్ని, సెలవులకు అమ్మ దగ్గరికి వచ్చి ఉన్నాను. చదువుకున్నదని ఊరు నన్నే ముందుకు తోసింది.

"ముందే ఒక మాట చెప్పింటే ఎండబెట్టి పెట్టేవాళ్లం కదా సార్" అన్నాను.

ఆయనకు వెటకారం ఎక్కలేదు. "అవును, మా తప్పే" అన్నాడు.

ఊరంతా తిరిగితే వాళ్లకు ఎండిన చేను ఒకటి దొరికింది. అది మాదే. గట్టు ఎక్కడుండాలనే దాని మీద మా నాయనకూ చిన్నాయనకూ మొదలైన తగాదా, నాయన పోయాక అమ్మకూ చిన్నాయనకూ మిగిలింది. కోర్టులో కేసు ఉంది. ఒకరు విత్తనం వేస్తే ఇంకొకరు పీకేస్తారు కాబట్టి ఎవరూ వేయరు. అమ్మా చిన్నమ్మా మాట్లాడుకోరు. మాట్లాడక తప్పనప్పుడు మా బర్రె ఉపయోగపడేది.

"ఏమే గొడ్డా, గట్టు తినేసి అరగనోళ్లు శానామంది ఉండారు, నువ్వు మాత్రం బాగా నములు" అనేది అమ్మ, గోడ అవతలికి వినపడేలా.

గోడ అవతల నుంచి చిన్నమ్మ వాళ్ల మేకకు చెప్పేది: "సూడే, బర్రెతో మాట్లాడేవాళ్లకు మనుషులతో ఏం పని!"

కానీ ఒక సంగతి నాకు తెలుసు. ఎంత కరువులోనైనా ఏదో ఒకటి వేసి ఇంటికి గింజ తెచ్చిన మనిషి మా అమ్మ. ఆ బీడు చూడలేక, అది దారిలో ఉందని, మిగతా చేలకు ఊరంతా చుట్టి పోయేది. అడిగితే మోకాళ్లకు నడక మంచిదని డాక్టరు చెప్పినాడనేది. ఏ డాక్టరూ చెప్పలేదు.

డైరెక్టరు అనుమతి అడిగితే రెండిళ్లూ విడివిడిగా సరేనన్నాయి. సరేననకపోతే చేను ఎదుటివాళ్లదని ఒప్పుకున్నట్టు కదా! అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"సినిమా తీసుకో నాయనా. వాన రాలేదని మాత్రం చెప్పాకు. వానొచ్చినాది. మేమే ఏసుకోలేదు."

"తప్పకుండానమ్మా" అన్నాడు, అబద్ధం ఆడేవాళ్లకే సాధ్యమయ్యే మర్యాదతో.

నాకు ఇంకో అభ్యంతరం ఉండింది. "మాది ఎర్రనేల సార్. ఎండితే దుమ్మవుతాది గానీ నెర్రెలు బారదు. పగిలేది నల్లరేగడి."

"ప్రేక్షకులకు కరువంటే పగుళ్లేనండీ. కంప్యూటర్లో వేసుకుంటాం."

సినిమా ధర్మవరంలో విడుదలైంది. తీయించిన పార్టీ ఊరి జనానికి ట్రాక్టర్లు పెట్టింది. అధికార పార్టీ కూడా ట్రాక్టర్లు పెట్టింది, అల్లరి చేసి రమ్మని. ఏ ట్రాక్టరు ముందు కదిలితే అది ఎక్కారు మావాళ్లు. అమ్మ చేను చూడడానికి వచ్చింది. అమ్మ వచ్చిందని చిన్నాయనా చిన్నమ్మా వచ్చారు. ఒకే వరుసలో సీట్లు దొరికాయి. మధ్యలో గోడలాగా నేను.

సినిమాలు జనం బుర్రలు మార్చేస్తున్నాయని టీవీల్లో పెద్దమనుషులు కొట్టుకుంటుంటారు. వాళ్లను ఒక్కసారి మా ఊరివాళ్ల మధ్య కూర్చోబెట్టాలి. తెర మీద ఆకలితో పసిబిడ్డ ఏడుస్తుంటే వీళ్లు వెనకాల దండెం చూస్తున్నారు.

"అద్దో నా లుంగీ!"

"రేయ్, నీది కాదురా, అది నాది. పోయిందంటి కదా!"

ఈలలు వేయాల్సినవాళ్లూ గోల చేయాల్సినవాళ్లూ తమ పని మరిచిపోయి ఆ లుంగీ పంచాయితీలో పడ్డారు.

అంతలో మా చేను వచ్చింది. నేలంతా పగుళ్లు, కాలు పెడితే మనిషి దిగిపోయేంత. హీరో మోకాళ్ల మీద పడి గుప్పెడు మట్టి తీసి, చినుకు పడని ఈ నేలను ఎండబెట్టింది ఆకాశం కాదు, పాలకులే అని గర్జించాడు. ఈలలు మొదలయ్యాయి. నా పక్కన సీటు టప్పుమని మడుచుకుంది. అమ్మ లేచి నిలబడింది.

"ఎవుర్రా చెప్పింది? అది మా చేను! వానొచ్చింది ఈడ! నెర్రెలు యాడివిరా మా ఎర్రనేలలో?"

చీకట్లో ఎవరో అడిగారు: "వానొస్తే ఏంటికి ఏసుకోలేదవ్వా మరి?"

ఊళ్లో అందరికీ తెలిసిన జవాబే. ఇంతమందిలో చెప్పుకోలేనిది. అమ్మ పైట కొంగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఏదో ఒకటి అందామని నోరు తెరిచేలోపు అటు పక్క సీటు కూడా టప్పుమంది.

"మా ఇంట్లో మొగోళ్లకు బుద్ధి లేక ఏసుకోలేదు! నీకేమప్పా నొప్పి?" అంది చిన్నమ్మ.

రెండు పార్టీలవాళ్లూ కలిసి నవ్వారు. ఆ ఎన్నికల్లో వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే. చిన్నాయన తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

బయటికి వస్తూనే అధికార పార్టీ నాయకుడు ఎదురొచ్చాడు. "అవ్వా, వానొచ్చిందని బలే చెప్పినావు. ఇదే మాట రేపు మా మైకులో చెప్పల్ల."

"వాన మీరు తెచ్చినారా అప్పా?"

"మా పాలనలోనే కదవ్వా వచ్చింది!"

"అయితే దానికి ముందేడు యాడ దాచిపెట్టినారు?" అంది అమ్మ.

అవతలి పార్టీవాడు దగ్గరికి రాబోయి, ఆ మాట విని, సోడా తాగడానికి పోయాడు.

ఎన్నికలు అయిపోయాయి. ఎవరో గెలిచారు. ఆ సినిమా వల్ల ఒక్క ఓటు అటూ ఇటూ అయిందని నేను నమ్మను. కానీ మరుసటేడు తొలకరికి ముందే చిన్నాయన ట్రాక్టరు తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు.

"వదినా, దున్నిస్తాండా. పంట ఇద్దరమూ పంచుకుందాం."

"గట్టు దగ్గరికి పోవాకు. కేసుండాది."

"పోనులే."

గట్టు పక్కన అటొక సాలు ఇటొక సాలు వదిలి మిగతాదంతా దుక్కి చేశారు. అదును కోసం విత్తనాలు ఒలిచి పెట్టుకున్నారు. తీరా చూస్తే వాన లేదు. మబ్బు పట్టడం, కర్ణాటక వైపు పోవడం. అమ్మకు నిద్ర పట్టేది కాదు.

"పంట పోతే పోయిందిమే, మనకేం కొత్తనా? ఇప్పుడు వాన రాకుంటే ఆ సినిమావోడు చెప్పిందే నిజమవుతాది కదా!"

చిన్నమ్మదీ అదే బాధ. ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి ఆ డైరెక్టరును తిట్టేవాళ్లు. ఆ తిట్లలో మా బర్రెకు ఉద్యోగం పోయింది.

చివరికి నేను ఊళ్లో ఉన్న ఒక సాయంత్రం పడింది. రేకుల మీద రాళ్లు పోసినట్టు వాన. చిన్నమ్మ తడుస్తూనే మా ఇంట్లోకి వచ్చింది. అమ్మ నా వైపు తిరిగి, "ఆ డైరెక్టరు నంబరుండాదా నీ కాడ? చెయ్యి" అంది.

చేశాను. అమ్మ ఫోను లాక్కుని, హలో అయినా అనకుండా, చూరు కింద నుంచి వానలోకి చెయ్యి చాపింది.

"హలో? ఎవరండీ? ఏంటా చప్పుడు? మీ మాటేమీ వినపడటం లేదు!" అని అరుస్తున్నాడు ఆయన.

"వినమను. మనం చెప్తే వినలేదు కదా!" అంది అమ్మ, ఫోను ఇంకొంచెం ముందుకు చాపుతూ. నా కొత్త ఫోను ఆ వానకే పోయింది.