లైటు ఆర్పాక రేడియోలో వినిపించిన మాట

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఆర్మూరులో ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. లైటు దానంతటదే వెలిగిందంటే ఎక్కడో వైరు లూజై ఉంటుంది, అంతే. అయినా నర్సవ్వ ఇంట్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నర్సవ్వ ఇల్లు పసుపు మార్కెట్ వెనక సందులో. ఆమె భర్త ఆ మార్కెట్లోనే హమాలీగా చేసి, రెండేళ్ల కింద పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో చప్పుడంటూ ఉంటే అది ఆయన వాడిన పాత రేడియోదే.

పసుపు సీజన్‌లో ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించింది. వంటింట్లో కొత్త ఎల్‌ఈడీ లైటు వేసినప్పుడల్లా రేడియో గుర్రుమంటోందట.

"గా గుర్రుల మా ముసలాయన మాట ఇనబడ్తది బిడ్డా. ఏమంటుండో సమజ్ గాదు. జర సాఫ్‌గ ఇనబడేటట్టు చెయ్యి" అంది.

నేను నవ్వలేదు. నా భార్య పోయాక నేనూ ఒక్కణ్ణే ఉంటున్నాను. ఫ్యాన్ చప్పుడులో ఎన్ని మాటలు వినబడతాయో నాకు తెలుసు.

చూస్తే మామూలు విషయమే. ఎల్‌ఈడీ లైటుకు కరెంటును మార్చి ఇచ్చే చిన్న పెట్టె ఉంటుంది, డ్రైవర్ అంటాం. నాసిరకందైతే రేడియోలో గోల పుట్టిస్తుంది. ఇక్కడ దాని ఎర్త్ వైరును ఎవరో కత్తిరించి వదిలేశారు. పైగా రేడియో ఏరియల్ తీగ లైటు వైరుకే చుట్టి ఉంది.

గోడ మీది స్విచ్ ఆపి, ఇనుప స్టూలు ఎక్కాను. మెయిన్ ఆపలేదు. టెస్టర్ పెట్టలేదు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. రోజూ చేసే పనే కదా అన్న ధీమా.

లైటు ఆరగానే, వేసి ఉన్న రేడియోలో గుర్రు ఆగిపోయింది. స్క్రూడ్రైవర్‌తో వైరు విప్పి, దాని కొసకు చెయ్యి చాపాను.

"ముట్టకు బిడ్డా."

ముసలి మగ గొంతు. రేడియోలోంచే.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. టెస్టర్ పెడితే వెలిగింది. స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజ్ వైరుకు బదులు, తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు బిగించారు. అందుకే స్విచ్ ఆపినా వైరులో కరెంటు ఉంది.

గడప దగ్గర నర్సవ్వ నిలబడి ఉంది. "ఇన్నవా? గాయనే" అంది.

స్టూలు దిగాను. మెయిన్ ఆపి పని మళ్లీ మొదలుపెట్టాను. స్విచ్‌ను ఫేజ్‌కు మార్చాను. మంచి డ్రైవర్ తెచ్చి బిగించి, ఎర్త్ కలిపాను. ఏరియల్ తీగను దూరంగా జరిపాను. లైటు వేసి, ముల్లు తిప్పి స్టేషన్ పెడితే పాట తేటగా వచ్చింది.

నర్సవ్వ చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"పాటలైతే వస్తున్నయ్ గని, ఆయన లేడు బిడ్డా. పాతదే మళ్ల పెట్టరాదు?"

"వద్దవ్వా, షాక్ కొడ్తది. పానం పోతది."

ఆమె రేడియో కట్టేసింది.

ఆ రోజు విన్నది ఏ రేడియో నాటకంలోని మాటో అనుకుందామంటే, అప్పుడు ముల్లు ఏ స్టేషన్ మీదా లేదు. డ్రైవర్ గోల అనుకుందామంటే లైటు ఆరిపోయి ఉంది. తర్వాత ఎన్నోసార్లు వెళ్లి, లైటు ఆర్పి, ముల్లు అక్కడే పెట్టి విన్నాను. ఏమీ లేదు.

నా ప్రాణం కాపాడిన ఆ గొంతును ఆ ముసలామెకు దూరం చేసింది నేనేనా?